ఎవరూ తట్టని తలుపు

వాతావరణ ఆఫీసులో రోజూ పొద్దున్న ఆరింటికి కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక మీట నొక్కేది. ఆ తర్వాత మూడు గంటల పది నిమిషాల పాటు అక్కడ ఎవరికీ పనుండేది కాదు. పెద్దసారు తనతో తనే చదరంగం ఆడుకుని, ఓడిపోయిన వైపు కూర్చుని కాసేపు బాధపడేవారు. రేడియోలో బులెటిన్ చదివే ఆవిడ స్వెట్టర్లు అల్లేది. అప్పటికి పద్నాలుగు పూర్తయ్యాయి, ఆఫీసులో చలివేసే మనిషి ఒక్కరూ మిగల్లేదు. గది మూలన ట్రంకుపెట్టెంత ఇనప డబ్బాలో డిస్కు మాత్రం గరగరమని తిరుగుతూనే ఉండేది.

ఆమెని ఆఫీసులో అందరూ కోడలు అనే పిలిచేవాళ్లు. ఆ ఊళ్లో ముప్పై నాలుగేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టమ్మ ఆమెకి అత్తగారు. పోస్టమ్మని ఎరగని గడప లేదు కాబట్టి, ఆమె ఇంట్లో అడుగుపెట్టిన రోజునే ఈమె ఊరందరికీ కోడలైపోయింది.

ఆ మూడు గంటలూ డిస్కు చేసే పని చదవడం. నది పొడవునా, కొండల మీద, పొలాల మధ్య రెండు వేల వానగేజీలున్నాయి. ఒక్కో గేజీ దగ్గర ఒక మనిషి రోజూ పొద్దున్నే ఎంత వాన పడిందో చూసి నాలుగు ముక్కలు రాసి వైర్‌లెస్‌లో పంపుతాడు. అదొక ఫైలు. ఇవాళ్టి వాన ఒక్కటే తెలిస్తే సరిపోదు, నేల అప్పటికే ఎంత నీళ్లు తాగి ఉందో కూడా తెలియాలి. అందుకని రోజూ గడిచిన రెండొందల రోజుల ఫైళ్లూ మళ్లీ చదవాలి. వెరసి నాలుగు లక్షల ఫైళ్లు. ఒక్కొక్కటీ చూస్తే చిటికెడంత, అన్నీ కలిస్తే తొమ్మిదీ పది దాకా తెమలని పని. నది మీద లాంచీలు ఏడున్నరకే బయల్దేరతాయి.

వాటిలో మొదటి లాంచీ నడిపేది కోడలి మొగుడే. అవతలి ఒడ్డున ఉన్న బడికి పంతుళ్లనీ పిల్లల్నీ దాటిస్తాడు. కిందటి వారం నది మధ్యలో ఉండగా గాలివాన పట్టుకుంది. అందర్నీ క్షేమంగా గట్టుకి చేర్చాడుగానీ లాంచీ పైకప్పు టార్పాలిన్ ఎగిరి ఎటు పోయిందో తెలీలేదు. సాయంత్రం ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ నవ్వాడు.

"మీ బులెటిన్ విన్నాలే. గాలివాన రావచ్చు, జాగ్రత్త అన్నారు. అప్పటికి నేను బట్టలు పిండుకుంటున్నా."

కోడలు నవ్వలేదు. టార్పాలిన్ కట్టుకున్న తాడు ఒరుసుకుని అతని అరచేతులు రెండూ ఎర్రగా కమిలిపోయాయి. ఆమె కొబ్బరినూనె తెచ్చి రాస్తూ కూర్చుంది. ఎంతసేపు రాసిందంటే, ఇంక చాల్లే జారిపోతాను అని అతనే చెయ్యి లాక్కున్నాడు.

మర్నాడు ఆమె పెద్దసారుతో మాట్లాడింది.

"కొత్త డిస్కు కావాలని మూడేళ్ల కిందటే రాశానమ్మా. చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు," అన్నారాయన.

"ఉన్నదాంతోనే ఏదైనా చేస్తే?"

"చెయ్యి. పాడు చెయ్యకు."

ముందుగా ఆమెకి తోచింది, ఒకటి తర్వాత ఒకటి కాకుండా పది ఫైళ్లు ఒకేసారి అడిగితే పదింతలు త్వరగా అవుతుంది కదా అని. అలాగే చేసింది. ఆ రోజు డిస్కు గరగరలాడటం మానేసి కీచుమంది. బులెటిన్ పదకొండింటికి వచ్చింది. బులెటిన్ ఆవిడకి ఇంకో స్వెట్టర్ చెయ్యి పూర్తయింది.

ఎక్కడ తప్పిందో చూద్దామని ఆ మధ్యాహ్నం కోడలు దాన్ని మళ్లీ నడుపుతుండగా అత్తగారు భోజనం క్యారేజీ పట్టుకొచ్చింది. రిటైరయ్యాక ఆవిడకి కాళ్లు ఊరుకోవు, మోకాళ్లు ఊరుకోనివ్వవు. రోజు మొత్తానికి ఇదొక్కటే ఆవిడకి మిగిలిన డ్యూటీ. కోడలు తింటున్నంతసేపూ డబ్బా పక్కన స్టూలు మీద కూర్చుని చెవి అటే పెట్టింది.

"లోపలెవర్నో తెగ తిప్పుతున్నావే అమ్మాయ్," అంది.

"డిస్కు అత్తయ్యా. ఫైళ్లు చదువుతోంది."

"చదువుతున్నట్టు లేదు. తిరుగుతున్నట్టుంది. ఉండు, చూసొస్తా."

ఆవిడ చెప్పులు విడిచి, చీరకుచ్చిళ్లు ఎగదోపుకుని, డబ్బా మీద అరచెయ్యి ఆనించి లోపలికి వెళ్లిపోయింది.

పెద్దసారు తలెత్తి చూసి, "రిజిస్టర్లో సంతకం పెట్టకుండా వెళ్లారే," అన్నారు. బులెటిన్ ఆవిడ లేచి వచ్చి, దారికి అడ్డంగా ఉన్న చెప్పుల్ని గోడవారకి జరిపింది. కోడలు క్యారేజీ కడిగి బోర్లించింది.

అరగంటకి అత్తగారు బయటికొచ్చి నుదురు తుడుచుకుంది. సంతకం పెట్టించుకున్నాక మంచినీళ్లు అడిగి తాగింది.

"అదో ఊరమ్మా. వీధులన్నీ గుండ్రంగా ఉన్నాయి, గాజులు ఒకదాన్లో ఒకటి పేర్చినట్టు. ఒక్కో ఫైలుకి ఒక్కో ఇల్లు. మనం నడవక్కర్లేదు, నేలే గిర్రున తిరుగుతుంది. మోకాలు ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు, నువ్వు నమ్ము. ఉత్తరాలు తెచ్చేది మాత్రం సన్నటి ఇనప చెయ్యి ఒకటే. దాని అవస్థ చూడలేకపోయాను."

"ఏం అవస్థ అత్తయ్యా?"

"మొదటి వీధిలో ఒక ఇల్లు తట్టిస్తావు. వెంటనే చిట్టచివరి వీధికి పరిగెత్తిస్తావు. అక్కడ ఇల్లు తిరిగొచ్చేదాకా నిలబడి, అందుకుని, మళ్లీ మొదటి వీధికి. పక్కింటికే వచ్చేది మళ్లీ ఎప్పుడో సాయంత్రానికి. ఏ వరసలో అడుగుతున్నావు నువ్వు?"

"గేజీల పేర్ల వరసలో. అకారాది క్రమం."

అత్తగారు ఆమె వంక చూసిన చూపులో ముప్పై నాలుగేళ్ల సర్వీసూ ఉంది.

"అకారాది క్రమంలో ఉత్తరాలు పంచేవాళ్లుంటారా ఎక్కడైనా? నేనలా పంచి ఉంటే మీ ఆయన పుట్టిన కబురు మీ మావగారికి ఇప్పటికి చేరేది. పొద్దున్నే సంచీ బల్ల మీద కుమ్మరించి, వీధులవారీ, ఇళ్లవారీ వరస పేర్చుకునేదాకా గడప దిగేదాన్ని కాదు. ఆ పేర్చుకోడానికి పట్టేది అరగంట. మిగిల్చేది సగం రోజు. ఇవాళైతే ఇంకా ఘోరం, పదిమంది పది వీధుల్లోంచి ఒకేసారి కేకలేస్తున్నారు. ఆ చెయ్యి ఎటూ పోలేక మధ్యలో నిలబడి వణుకుతోంది."

ఏ ఫైలు ఏ వీధిలో ఏ ఇంట్లో ఉందో డిస్కు దగ్గర ఎప్పుడూ ఒక చిట్టా ఉంటుంది. అడిగితే చెబుతుంది. ఇన్నేళ్లలో దాన్నెవరూ అడగలేదు.

రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాం తిరగరాసింది. ముందు చిట్టా మొత్తం తెప్పించుకోవడం, దాన్ని ఇళ్ల వరసలో పేర్చడం, ఆ వరసలోనే చదవడం. చదివినవన్నీ చేతికొచ్చాక లెక్క మాత్రం పాత పద్ధతిలోనే, పేర్ల వరసలో. మూడో రోజు మధ్యాహ్నం నడిపి చూస్తే గంటన్నరకి దిగింది. పెద్దసారు చదరంగం బల్ల మీంచి తలెత్తారు.

అత్తగారికి మాత్రం తృప్తి లేదు. రిజిస్టర్లో సంతకం పెట్టి మళ్లీ లోపలికి వెళ్లొచ్చింది.

"ఒక్కో తలుపు మూడుసార్లు తట్టిస్తున్నావేంటి? ఇంట్లో ఉన్నారా అని ఒకసారి. ఉత్తరం ఎంత బరువని ఇంకోసారి. మూడోసారికి గానీ తీసుకురావు. ప్రతిసారీ ఇల్లు చుట్టు తిరిగి వచ్చేదాకా ఆ చెయ్యి ఎండలో నిలబడాల్సిందేనా?"

"ఫైలుందో లేదో చూసుకోకపోతే ఎలా అత్తయ్యా?"

"తట్టు. ఉంటే ఇస్తారు. లేకపోతే లేరని రాసుకుని పక్కింటికి పో. నేనదే చేశాను, ఉద్యోగం ఊడలేదు."

కోడలు ఆ రెండు తట్టడాలూ తీసేసింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి మీట నొక్కుతుంటే అత్తగారు కూడా వచ్చి, కొత్త వరస ఎలా సాగుతుందో కళ్లారా చూడాలని లోపలికి వెళ్లింది. డబ్బాలో గరగర లేదు. తుమ్మెద రొదలాంటి సన్నటి శబ్దం ఒకటే తాళం తప్పకుండా వినిపించింది. పెద్దసారు పావుల్ని సర్దుకోవడం అయ్యేలోపు తెర మీద 'పూర్తయింది' అని పడింది. ఆరూ పంతొమ్మిది.

అంత త్వరగా ఏమనాలో ఎవరికీ అలవాటు లేదు. బులెటిన్ ఆవిడ సూదులు పక్కన పెట్టి, "అయితే ఏడింటికే చదివేయనా?" అంది.

"ఏముంది బులెటిన్లో?" అడిగారు పెద్దసారు.

కోడలు లెక్క చూసింది. "ఎక్కడా వాన లేదు సార్. నది మామూలే. లాంచీలు తిరగొచ్చు."

అత్తగారు ఇంకా బయటికి రాలేదు. ఆరున్నరకి వచ్చింది. కొంగు తడిసి ఉంది.

"అమ్మాయ్, నీ జాబితాలో లేని ఇళ్లున్నాయి లోపల," అంది. "ఇదివరకు అటూ ఇటూ పరిగెత్తిస్తుంటే తెలీలేదు. ఇవాళ వరసగా ప్రతి గుమ్మం ముందునించీ వెళ్లాం కదా, వీధికొకటి చొప్పున కనిపించింది. అన్నింటికీ ఒకటే నామఫలకం. ఆ చెయ్యి ఆ తలుపులు మాత్రం తట్టకుండా దాటిపోతోంది. పాత వీధులక్కూడా వెళ్లి చూశాను. పదకొండేళ్లవి ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ విప్పలేదు."

ఆవిడ నామఫలకం మీద పేరు చెప్పింది. నది పుట్టే కొండమీది గేజీ అది. కోడలు గేజీల జాబితా తెరిచి వెతికింది. పేరుంది. ఎదురుగా రోజూ ఒకటే మాట, 'సమాచారం లేదు'. ఆమె రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసింది. జాబితాలో చివరి అక్షరానికి ఒక దీర్ఘం ఎక్కువుంది. పదకొండేళ్ల కిందట ఎవరో జాబితా టైపు చేస్తూ పెట్టిన దీర్ఘం. ఆ పేరుతో ఫైలు లేదు కాబట్టి ప్రోగ్రాం రోజూ లేని ఇంటికి పోయి, లేరని రాసుకుని వచ్చేస్తోంది.

"ఆ గేజీనా? చప్పుడు లేదని మూసేస్తున్నాం కదా. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఉత్తరం కూడా పంపించేశాను," అన్నారు పెద్దసారు.

"మూసెయ్యడం సంగతి తర్వాత. ఇవాళ్టి ఇంటి తలుపు తీశాను. నీళ్లు నా మోకాళ్ల దాకా వచ్చాయి," అంది అత్తగారు.

కోడలు ఆ ఫైలు తెరిచి పైకి చదివింది.

"నిన్న మధ్యాహ్నం నించీ ఎడతెరిపి లేదు. గేజీ రెండుసార్లు నిండి పొర్లింది, రెండుసార్లూ ఒంపి మళ్లీ పెట్టాను. వాగు కాలిబాట వంతెన దాటింది. కిందివాళ్లకి చెప్పగలరు."

గదిలో ముగ్గురూ కిటికీ వైపు చూశారు. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. నది మీద ఎండ మెరుస్తోంది. గోడ గడియారం ఆరూ నలభై చూపిస్తోంది. కొండ మీది నీళ్లు ఊరికి చేరడానికి సగం రోజుకి పైగా పడుతుంది. నిన్న మధ్యాహ్నం మొదలైన వానంటే ఇవాళ పొద్దున్నే దిగాలి.

"మిగతా వెయ్యీ తొమ్మిదొందల తొంభైతొమ్మిది గేజీలూ వాన లేదంటున్నాయి. పదకొండేళ్లుగా లెక్కలో లేని ఒక్క గేజీని పట్టుకుని నది మూసెయ్యమంటే పైవాళ్లు నన్నేమంటారు?" పెద్దసారు నుదురు రుద్దుకున్నారు. "ఆయన మతి ఎలాంటిదో కూడా తెలీదు."

"ఇంకొన్ని చదువు," అంది అత్తగారు కోడలితో.

కోడలు తోచిన తేదీలు తెరిచింది. 'వాన సున్నా.' 'వాన సున్నా. గేజీలో మిడత ఉంది, దాన్ని కొలవలేదు.' 'వాన సున్నా. జ్వరంగా ఉండి గంట ఆలస్యంగా చూశాను, క్షమించాలి.' 'ఒక పిట్ట గేజీ అంచున కూర్చుని నీళ్లు తాగింది. ఎంత తాగిందో తెలీదు, రీడింగు ఒక చుక్క తక్కువ ఉండొచ్చు.' ఏడాదికొకసారి, ప్రతి ఏడూ అదే తేదీన, ఒక వాక్యం ఎక్కువ: 'ఇవి అందుతున్నాయా?'

బులెటిన్ ఆవిడ ముక్కు చీదుకుంది.

"నేను ఊరందరి రాతలూ చూసినదాన్ని," అంది అత్తగారు. "ఎవరూ అడక్కపోయినా పదకొండేళ్లు సున్నాని సున్నా అనే రాసిన మనిషి, పొర్లిందని రాస్తే పొర్లినట్టే."

పెద్దసారు కుర్చీలోంచి లేచి, బులెటిన్ కాగితం తీసుకుని, 'లాంచీలు తిరగొచ్చు' అన్నది కొట్టేసి సంతకం పెట్టారు.

ఏడింటికి రేవులో మైకు పలికింది. జీవితంలో మొదటిసారి ఆ వేళకి పనైపోయిన కోడలికి కుర్చీలో కుదురు దొరకలేదు. నడుచుకుంటూ రేవుకి వెళ్లింది. మొగుడు లాంచీని గట్టు మీది రాతిస్తంభానికి రెండు తాళ్లతో కడుతున్నాడు. చుట్టూ పంతుళ్లు, సంచులు, సంబరంగా పిల్లలు.

"ఎండ పెళపెళలాడుతుంటే వరదంటావేంటయ్యా?" అన్నాడు లెక్కల పంతులు. "ఎనిమిదిన్నరకి పరీక్ష ఉంది."

"మా ఆవిడ ఆఫీసు చెప్పిందండీ."

"మీ ఆవిడ ఆఫీసు రోజూ తొమ్మిదింటికి కదా చెప్పేది?"

"అదే నాకూ అనుమానంగా ఉంది," అన్నాడు అతను. ఆమెని చూసి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నిజంగా వస్తుందా?"

"కొండ మీద ఒకాయన రాశాడు. అత్తయ్య చూసొచ్చింది."

"అమ్మ చూసిందా? అయితే ఇంకో తాడు కూడా కడతా."

ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. నది అద్దంలా కదలకుండా ఉంది. కొందరు ఇళ్లకి పోయారు. లెక్కల పంతులు వాచీ చూసుకోవడం మానేసి ఆమెనే చూస్తున్నాడు. కోడలు మెట్ల మీద కూర్చుని నీళ్లని కాకుండా తన చేతుల్ని చూసుకుంది. రాకపోతే పెద్దసారుకి ఏం జవాబు చెప్పాలి, ఆ కొండమీది మనిషి మాట ఇంకెవరైనా వింటారా అన్నది ఆమె దిగులు. ఒకటి మాత్రం నిజం, వరద రావాలని కోరుకోవడం ఎలాగో ఆమెకి చేతకాలేదు.

తొమ్మిది కావస్తుండగా ఒక పిల్ల, "మెట్టు పోయింది," అంది.

కిందనించి మూడో మెట్టు కనిపించడం లేదు. కాసేపటికి నాలుగోది పోయింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పైనించి దుంగలూ, వేళ్లతో సహా ఒక చెట్టూ, ఎవరిదో బల్లకట్టూ కొట్టుకొచ్చాయి. రోజూ సరిగ్గా ఆ వేళకి లాంచీ రెండో ట్రిప్పులో మధ్యనది దాటే దారిలో చెట్టు బొంగరంలా రెండుసార్లు తిరిగి కిందికి పోయింది. అందరూ పై గట్టుకి ఎక్కేశారు. లాంచీ తాళ్లు బిగుసుకుని మూలిగాయిగానీ తెగలేదు.

లెక్కల పంతులు చాలాసేపు ఆ చెట్టు పోయిన వైపే చూసి, "పరీక్ష రేపు పెట్టుకుందాం," అన్నాడు. పిల్లలు అంత ఆనందంగా వరదని ఎప్పుడూ చూసి ఉండరు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. పెద్దసారు గేజీ మూసివేత రద్దు చేస్తూ ఉత్తరం రాయించారు. కోడలు జాబితాలో ఆ ఒక్క దీర్ఘం చెరిపింది. చెరిపాక ఆ గదిలో అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. మూసేస్తున్నామన్న ఉత్తరం ఆయనకి ముందే చేరి ఉంటుంది. కోడలు గబగబా కిందటివారం ఫైళ్లు తెరిచింది. నాలుగు రోజుల కిందటిది దొరికింది.

'వాన సున్నా. ఆఫీసు ఉత్తరం అందింది. ఇక్కడినించి సమాచారం రాలేదని రాశారు. అలాగే కానివ్వండి. తర్వాత వాడుకునేవాళ్ల కోసం గేజీ తోమి పెడతాను. ట్రంకుపెట్టె సర్దుకున్నాను. వారానికి ఒకటే బస్సు, ఈసారిది రాగానే దిగిపోతాను.'

"పోస్టులో వేస్తే వారం పడుతుంది," అన్నారు పెద్దసారు. "ఫోనా, అక్కడ తీగే లేదు. వైర్‌లెస్ అటునించి ఇటే గానీ ఇటునించి అటు పోదు."

"ఇలా ఇవ్వండి," అంది అత్తగారు. "ఆ ఇంటికి పెరటి తలుపు కూడా ఉంది. కొండ గాలి అందులోంచే కొట్టింది నా మొహానికి."

ఆవిడ రిజిస్టర్లో సంతకం పెట్టింది. 'పని' అన్న గడిలో ఎప్పుడూ 'చూచుట' అని రాసేది, ఈసారి 'బట్వాడా' అని రాసింది. ఉత్తరం రవికె లోపల భద్రం చేసుకుని, డబ్బా మీద చెయ్యి ఆనించింది.

ఆ రోజు ఆవిడ సాయంత్రం దాకా రాలేదు. వచ్చేసరికి పాదాలకి ఎర్రమట్టి, జడలో ఒక ఆకు. కోడలు కాళ్లకి నీళ్లిస్తూ అడిగింది.

"ఏమన్నాడు అత్తయ్యా?"

"ఏమంటాడు. పొడుగ్గా, సన్నగా, గేజీ గొట్టంలాగే ఉన్నాడు. తలుపు తీసి ఉత్తరం అందుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. అన్నీ అందాయని చెప్పాను. మిడతా, పిట్టా కూడా అందాయన్నాను. తర్వాత కూర్చోమని పీట వేసి, గేజీ ఎలా చూస్తారో నాకు నేర్పాడు. కష్టమేం కాదు, కన్ను నీటి మట్టానికి దించాలి, అంతే."

"ఉంటానన్నాడా?"

"నేనడగలేదమ్మా. ఉత్తరం ఇవ్వడం వరకే నా పని."

మర్నాడు ఆరింటికి కోడలు మీట నొక్కింది. తుమ్మెద రొద మొదలైంది. పెద్దసారు, బులెటిన్ ఆవిడ, అత్తగారు ఆమె కుర్చీ వెనక గుంపుగా నిలబడ్డారు. ఆరూ పద్దెనిమిదికి తెర మీద రెండు వేల పేర్లూ వరసగా దిగాయి. ఏ పేరు ఎదురుగానూ ఖాళీ లేదు. ఆమె కొండమీది గేజీ ఫైలు తెరిచి, అందరికీ వినపడేలా చదివింది.

"వాన సున్నా. పెట్టె విప్పేశాను."